అసలు – వడ్డీ: ప్రాణుల పెరుగుదలను గూర్చి

పై తరగతుల పిల్లలు జీవశాస్త్రపు పాఠములో రెండు గీతలు గీయుట నేర్చుకొందురు. ఒకటి మెల్లమెల్లగా లేచి, ఆపై నిటారుగా ఆకసమున కెగయును. రెండవది అట్లే లేచి, కొంత దూరము పోయిన పిమ్మట వంగి, చదునుగా సాగిపోవును. ఆంగ్లాక్షరముల పోలికను బట్టి మొదటిదానిని ‘జె’ గీత యనియు, రెండవదానిని ‘ఎస్’ గీత యనియు పిలుచుట పరిపాటి. ఈ యేడు తల్లిదండ్రుల సమావేశమునకు విచ్చేసిన ఒక తండ్రిగారు కుమారుని పుస్తకములో ఈ గీతలను చూచిరి. వారిది సముద్రపు వేటపై బ్రదుకు కుటుంబము. “మాస్టారూ, ఈ గీతలు మా గుంటడికేటి పనికొస్తాయండీ?” అని వారు మమ్ము నడిగిరి. ఆ మాటలో ఎగతాళి లేదు. రెక్కలు ముక్కలు చేసికొని బిడ్డను చదివించువారికి ఆ ప్రశ్న వేయు హక్కు పూర్తిగా కలదు. ఆనాడు తొందరలో నాలుగు మాటలు చెప్పి పంపితిమి. ఆ సమాధానము మాకే తృప్తి నీయలేదు. ఆయనకును, ఆయనవంటి తల్లిదండ్రులందరికిని మేము చెప్పవలసియుండిన సమాధానమే ఈ వ్యాసము.

రెట్టింపుల లెక్క

మొదటి గీతను గ్రహించుటకు ఒక చెరువును తలచుకొందము. గుర్రపుడెక్క మనమందరము ఎరిగిన కలుపు. నీరు అనుకూలించినచో అది సుమారు రెండు వారములకొకమారు రెట్టింపగును. చెరువులో ఒక్క మొక్క పడినదనుకొందము. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. పది రెట్టింపులకు 1,024 మొక్కలు. ఇరువది రెట్టింపులకు 10,48,576 మొక్కలు. మొక్క గుణము మారలేదు, వేగము మారలేదు. ఉన్న మొక్కలన్నియు పిలకలు పెట్టుటచేత, ఎంత యున్నదో అంత చేరుచున్నది. అప్పుచేసిన ప్రతి కుటుంబమునకును ఈ లెక్క తెలిసినదే; దీనినే మనము చక్రవడ్డీ యందుము.

ఇపుడు లెక్కను వెనుకనుండి చూతము. చెరువు పూర్తిగా కప్పబడిన దినమునకు రెండు వారముల ముందు ఎంత భాగము కప్పబడియుండును? సగము. నాలుగు వారముల ముందు నాలుగవ వంతు. ఆరు వారముల ముందు ఎనిమిదవ వంతు మాత్రమే. ఆనాడు గట్టుమీద నిలచి చూచువానికి ఎనిమిది పాళ్లలో ఏడు పాళ్లు తేటనీరే కానవచ్చును. ‘ఇంకను కావలసినంత చోటున్నది’ అని అతడు తలచును. కన్ను చూచుచున్నది నిజమే. కాని మిగిలిన గడువు ఆరు వారములే. వేగముగా పెరుగునది ముప్పుగా కనబడునప్పటికి కాలము మించిపోయియుండుట ఈ మొదటి గీత నేర్పు పాఠము.

మానవుల విషయమున ఈ సంగతిని 1798లో ఇంగ్లండు దేశీయుడగు మాల్థస్ ఒక గ్రంథముగా ప్రకటించెను. జనము రెట్టింపుల లెక్కన పెరుగుననియు, ఆహారము అట్లు పెరుగజాలదనియు ఆయన వాదము. తరువాత డార్విన్ ఆ గ్రంథమును చదివియే, పుట్టిన ప్రాణులన్నియు బ్రదుకజాలవు గనుక వానిలో పోటీ తప్పదను ఆలోచనకు వచ్చెను.

తోడు వేసిన పాలు

ఏ ప్రాణియు ఎల్లకాలము రెట్టింపగుచు పోలేదు. చోటు చాలదు, తిండి చాలదు, జబ్బులు ముసురును, ఒకదాని నొకటి తరుముకొనును. కావున రెండవ గీత పుట్టినది. ఈ గీతను మన తల్లులు ప్రతిరాత్రియు వంటయింటిలో గీయుచునే యున్నారు.

గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి మూతపెట్టుదురు. ఆ చెంచాలో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవు. అవి పాలలోని చక్కెరను తిని, పులుపును విడుచును. తొలిగంటలలో పాలు పాలవలెనే యుండును. ఆపై సూక్ష్మజీవులు రెట్టింపులపై రెట్టింపులుగా పెరిగి, పులుపు హెచ్చి, పాలు గట్టిపడును. తెల్లవారునప్పటికి వాని పెరుగుదల మందగించి, దాదాపు నిలిచిపోవును. పాలలోని చక్కెర అప్పటి కింకను మిగిలియే యుండును; కాని తాము విడిచిన పులుపే వానికి అడ్డుగోడయైనది. ఏ ప్రాణికైనను హద్దు తిండి యొక్కటే కాదనియు, తాను విడుచు మలినము కూడ హద్దు కాగలదనియు ఈ చట్టి తెలుపుచున్నది.

బెల్జియము దేశపు గణితజ్ఞుడు వెర్‌హుల్స్ట్ 1838లో ఈ వంపునకు ఒక సూత్రము కట్టెను. రష్యా దేశీయుడగు గాజ్ పరీక్షనాళికలలో పారమీషియమను సూక్ష్మప్రాణిని పెంచి, అవి ఆ గీతను పోలియే పెరుగుచున్నవని 1934లో ప్రకటించెను. సూత్రములోని భావము సులభమైనది. ఒక చోట ఎన్ని ప్రాణులు కలవో అన్నియు సంతతిని పెంచజూచును; కాని చోటు నిండినకొలదియు ఆ పెంపునకు కోత పడుచుండును.

ఒక లెక్క వేసి చూతము. ఒక చెరువు 1,000 చేపలను పోషింపగలదనుకొందము. అడ్డులేనియెడల చేపలు ఏడాదికి నూటికి పదివంతున పెరుగుననుకొందము. చెరువులో 100 చేపలే యున్నప్పుడు పదింట తొమ్మిది పాళ్లు చోటు ఖాళీగా నున్నది గనుక, ఆ యేడు చేరునవి 9. చేపలు 500 ఉన్నప్పుడు సగము చోటు ఖాళీ, చేరునవి 25. చేపలు 900 ఉన్నప్పుడు పదవవంతు చోటే ఖాళీ. చేరునవి మరల 9. వేయి నిండినప్పుడు చేరునది సున్న, పుట్టినన్నియు చచ్చుచుండును. కావున చెరువు సగము నిండియున్నప్పుడు పెరుగుదల అన్నిటికన్న అధికము.

ఆ తండ్రిగారికి ఆనాడే చెప్పవలసిన మాట ఇది. 500 చేపలున్న చెరువునుండి ఏటేట 25 పట్టుకొన్నవాడు వడ్డీ తినుచున్నాడు. అతని మనుమడును ఆ 25 పట్టుకొనగలడు. ఏటేట 35 పట్టువాడు వడ్డీతోపాటు అసలులో పది తినుచున్నాడు. మరుసటి యేడు అసలు తగ్గును, దానితో వడ్డీయు తగ్గును. అతడు మాత్రము 35 పట్టుటకు అలవాటు పడియున్నాడు. కొంతకాలము అతని బుట్ట నిండుగానే యుండును. విత్తనపు వడ్లు దంచి వండుకొన్న యింటిలోను ఆ పూట అన్నమునకు కొదవయుండదు గదా!

ఒక చోటు తన నేలను, నీటిని, పచ్చదనమును చెడగొట్టుకొనకుండ, ఎడతెగక ఎన్ని ప్రాణులను పోషింపగలదో ఆ సంఖ్యను భరణ సామర్థ్యమందురు. ఒకనాడు ఆ చోట ఎన్ని ప్రాణులు నిలిచియున్నవన్నది వేరు లెక్క. ఈ రెండు లెక్కలను ఒకటిగా తలచినచో ఏమగునో ఒక ద్వీపము కథ చెప్పును.

సెయింట్ మాత్యూ ద్వీపము

అమెరికాకు చెందిన అలాస్కా తీరమునకు దూరముగా, బేరింగు సముద్రములో సెయింట్ మాత్యూ అను ద్వీపము కలదు. మనుష్యుల నివాసము లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో, అనగా 1944లో, అమెరికా తీరరక్షకదళము అచ్చట ఒక చిన్న కేంద్రము నెలకొల్పి, తన సిబ్బందికి అత్యవసరమైనప్పుడు ఆహారముగా ఉపయోగపడునని 29 రెయిన్‌డీర్లను దించెను. రెయిన్‌డీర్ శీతల ప్రదేశములలో నుండు ఒక జాతి దుప్పి. కొలదికాలములోనే సిబ్బంది వెడలిపోయిరి. దుప్పులు మిగిలినవి.

వానికి ఆ ద్వీపము స్వర్గమే యయ్యెను. తోడేళ్లు లేవు, వేటగాండ్రు లేరు. రాళ్లమీదను నేలమీదను మెత్తని పరుపువలె లైకెన్ పేరుకొని యుండెను. పాచివలె కానవచ్చు ఈ లైకెనే రెయిన్‌డీర్లకు చలికాలపు గ్రాసము. అది ఏండ్ల తరబడి మెల్లగా పెరుగునది. ఆ ద్వీపములో తినువారు లేక తరతరములుగా నిలువయైయుండెను. డేవిడ్ క్లైన్ అను జీవశాస్త్రజ్ఞుడు 1957లో వెళ్లి లెక్కించినప్పుడు మంద సుమారు 1,350కి చేరియుండెను. పశువులు బలిసి యుండెను. 1963లో మరల వెళ్లగా సుమారు 6,000 కానవచ్చెను. కాని ఈసారి పశువుల బరువు మూడవవంతుకు పైగా తగ్గియుండెను. దూడలు మందలో తక్కువైయుండెను. లైకెన్ పరుపు చాలచోట్ల తుడిచిపెట్టుకొనిపోయెను.

1963–64 చలికాలము మిక్కిలి కఠినమైనది. మంచు దట్టముగా కురిసెను. 1966లో క్లైన్ మూడవమారు వెళ్లునప్పటికి ద్వీపమంతట ఎముకలు పరచుకొనియుండెను. ప్రాణముతో మిగిలినవి 42. అందు 41 ఆడవి, ఒక్కటే మగది. అదియు సంతానోత్పత్తికి తగినది కాదు. దూడ ఒక్కటియు లేదు. తరువాత కొన్ని యేండ్లకు ఆ 42 కూడ నశించెను.

మంచు చంపినదనిన అది సగము సత్యమే. అట్టి చలికాలములు ఆ ద్వీపమునకు కొత్త కావు. కడుపునిండిన మంద అయినచో కొన్నిటిని కోల్పోయి నిలదొక్కుకొనెడిది. ఆకలితో బక్కచిక్కిన మందకు ఆ దెబ్బ ప్రాణాంతకమయ్యెను. ఆరువేల దుప్పులు నిలిచియుండుటను చూచి ద్వీపము ఆరువేలను పోషించుచున్నదని తలచుట పొరపాటు. అవి తినుచుండినది ఆ యేటి పైరు కాదు. వెనుకటి తరముల నిలువ. నిలువ తీరుటతో తినువారి సంఖ్యయే కాక, ఆ నేలకు పోషించు శక్తియు పడిపోయెను. తిరిగి లైకెన్ పెరుగుటకు దశాబ్దములు పట్టును. మొదటి గీతకు ఇట్టి పతనము తరచుగా వెంటవచ్చును.

మన చిలికా

అంత దూరమున నున్న దుప్పుల కథ మనకేల యందురేమో. మన గంజాం తీరమునకు ఆనుకొనియే చిలికా సరస్సు కలదు. దాని కథ పిల్లలకు తప్పక తెలియవలెను. ఏలయన అందులో పతనమే కాక, దిద్దుబాటును కలదు.

చిలికా ఉప్పునీరు, తీపినీరు కలసిన సరస్సు. మహానది పాయలు ఒకవైపు మంచినీటిని తెచ్చును. మన జాలరులు ‘మొగ’ యని పిలుచు సముద్రముఖము నుండి ఉప్పునీరు లోనికి వచ్చును. చేప, రొయ్య, పీత జాతులలో అనేకములు సముద్రమునకును సరస్సునకును నడుమ రాకపోకలు చేసియే పెరుగును. నదులు తెచ్చిన ఒండ్రుమట్టి పేరుకొని, మొగ పూడుచు దూరముగా జరిగిపోయెను. నీటిలో ఉప్పు తగ్గెను. కలుపు వ్యాపించెను. చేపలకు దారి మూసికొనిపోయెను. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు, 1993 నాటికి చెడిపోవుచున్నవాని పట్టికలోనికి ఎక్కెను. 1999–2000 సంవత్సరమున సరస్సునుండి లభించిన చేప, రొయ్య, పీత అన్నియు కలసి సుమారు 1,700 టన్నులే.

చిలికా అభివృద్ధి సంస్థవారు నీటిపోకడలను పరిశీలింపజేసి, 2000 సెప్టెంబరులో కొత్త మొగను త్రవ్వించిరి. సముద్రమునకు దారి 18 కిలోమీటర్ల మేర తగ్గెను. ఉప్పునీరు తిరిగివచ్చెను, దానితో చేపపిల్లలును వచ్చెను. రెండేండ్లలో దిగుబడి సుమారు 12,000 టన్నులకు పెరిగెను. 2002లో సరస్సు పేరు ఆ చెడు పట్టికనుండి తొలగింపబడెను.

భరణ సామర్థ్యము రాతిపై చెక్కిన అంకె కాదని ఇందువలన తెలియుచున్నది. నీరు మారినచో, దారి మూసికొన్నచో, మట్టి పేరుకొన్నచో అది తగ్గును. తెలివితో పూనుకొన్నచో పెరుగును. అయితే పెరిగినదానికిని ఒక హద్దు కలదు. కొత్త మొగ తెరచినప్పుడు వచ్చిన సమృద్ధిని చూచి వలలు ఏటేట పెంచుకొనుచు, వలకన్నులు ఏటేట చిన్నవి చేసికొనుచు పోయినచో, మట్టి చేసిన పనిని మరల మనుష్యులే చేసినవారగుదురు.

తాబేలు, ఏనుగు, వేటనిషేధము

అన్ని ప్రాణులును ఒకే తీరున పెరుగవు. ఏనుగు సుమారు 22 నెలలు మోసి ఒక్క పిల్లను కనును. దానిని ఏండ్ల తరబడి కాపాడును. మన ఋషికుల్య మొగ దగ్గర ఇసుకలో గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లీ తాబేలు, ఒక్కొక్క గూటిలో నూరుకు అటునిటుగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక సముద్రములోనికి పోవును. వేయి పిల్లలలో ఒక్కటి పెద్దదగుట కూడ అరుదని అంచనా. ఆ ఒక్కటియు గ్రుడ్లు పెట్టు ఈడు వచ్చుటకు పదేండ్లకు పైగా పట్టును. కావున వలలో చిక్కి చచ్చిన ఒక పెద్ద తాబేలు ఒక్క తాబేలు కాదు. వేయి పిల్లల నష్టమునకు ఓర్చి ప్రకృతి నిలుపుకొన్న అసలు.

తుపాను వంటివి ప్రాణుల సంఖ్యను చూచి రావు. 1999 అక్టోబరులోను, 2013 అక్టోబరులోను మన ఒడిశా తీరమును తాకిన పెనుతుపానులకు నూరున్నను ఒక్కటే, వేయి యున్నను ఒక్కటే. ఆకలి, జబ్బు, చోటుకొరకు పోరు మాత్రము గుంపు పెరిగినకొలది హెచ్చును. కాని రెయిన్‌డీర్ల కథలో చూచినట్లు, హద్దుకు లోబడియున్న గుంపు తుపానును తట్టుకొనును. హద్దు మీరిన గుంపు తట్టుకొనజాలదు.

ఈ దృష్టితో చూచినచో వేటనిషేధపు ఆంతర్యము బోధపడును. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఋషికుల్య, దేవీ, ధామ్రా మొగల వద్ద తాబేళ్ల రక్షణకై నవంబరు 1 నుండి మే 31 వరకు మరియొక నిషేధము కలదు. ఆ దినములలో పొయ్యి వెలుగుట ఎంత కష్టమో మేమెరుగక ఈ మాట వ్రాయుట లేదు. వేటకుటుంబముల పిల్లలు కొందరు ఆ నెలలలో బడి మానుటను మేము కన్నులార చూచుచున్నాము. నిషేధపు భారమును జాలరి యొక్కడే మోయుట న్యాయము కాదు. ఆ చేపను తినువారును, ప్రభుత్వమును పంచుకొనవలెను. కాని నిషేధమే వలదనుట అసలు తినుదమనుటయే యగును.

మనుష్యుల మాట

ఈ గీతలు మనుష్యులకును వర్తించునా యని పిల్లలు తప్పక అడుగుదురు. ప్రపంచ జనాభా 100 కోట్లు నిండుటకు సుమారు 1804 వరకు పట్టెను. 200 కోట్లగుటకు 1927 వరకు, అనగా 123 ఏండ్లు పట్టెను. 1960లో 300, 1974లో 400, 1987లో 500, 1999లో 600, 2011లో 700, 2022లో 800 కోట్లయ్యెను. మొదటి గీత వలెనే యున్నది గదా! అయినను పెరుగుదల వేగము 1960ల తరువాత తగ్గుచు వచ్చి, నేడు ఏటికి నూటికి ఒకటికన్న తక్కువైనది. గీత వంగుచున్నది.

మన దేశములో 1950ల ప్రాంతమున ఒక్కొక్క స్త్రీకి సగటున ఆరుగురు బిడ్డలుండిరి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ సగటు 2.0కు దిగెను. ఇది ఆకలి వలన వచ్చిన మార్పు కాదు. పుట్టిన బిడ్డ బ్రదుకునన్న ధైర్యము తల్లికి కలిగినది. ఆడపిల్లలు బడికి వచ్చిరి. ఎందరు బిడ్డలు కావలెనో ఆలోచించుకొను అవకాశము ఇండ్లకు వచ్చినది. సెయింట్ మాత్యూ ద్వీపములో మృత్యువు వంచిన గీతను మన దేశములో తల్లుల చదువు వంచుచున్నది. ఆడపిల్లను ఎనిమిదవ తరగతితో మాన్పింపజూచు తల్లిదండ్రులు ఈ ఒక్క మాటను మనస్సున నుంచుకొనవలెనని మా ప్రార్థన.

తలలు లెక్కించుటతో మనుష్యుల భారము తేలదు. దుప్పులన్నియు ఇంచుమించు ఒకే మేర తినును, మనుష్యులట్లు కాదు. ఒక యిల్లు వాడు నీరు, విద్యుత్తు, నూనె పది యిండ్ల వాడకమునకు మించి యుండవచ్చును. మనిషి కాలువలు త్రవ్వి, ఎరువులు చేసి నేల సామర్థ్యమును పెంచగలడు. అతడే బోరుబావులతో వానలు నింపలేనంత నీటిని తోడి తగ్గింపనుగలడు. కావున ఎందరమున్నామన్న ప్రశ్నతోపాటు ఎట్లు బ్రదుకుచున్నామన్న ప్రశ్నయు వేసికొనవలెను.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తము. అయ్యా, ఈ గీతలు మీ కుమారునికి ఉద్యోగము నిప్పించునని మేము చెప్పజాలము. కాని చేపలు ఏల తగ్గుచున్నవో, మొగ ఏల పూడుచున్నదో, నిషేధము ఏ నెలలో నుండవలెనో తేల్చు సభలలో రేపు ఎవరో ఒకరు కూర్చుందురు. అచ్చట గీతలు తెలిసినవారు సముద్రము నెరుగకుందురు. సముద్రము నెరిగినవారికి గీతలు తెలియకుండును. రెండును ఎరిగినవాడు మీ యింటనుండి పోవలెనని మా కోరిక. అందుకొరకే ఈ పాఠమును వానికి అమ్మ మాటలో, తెలుగులో చెప్పుచున్నాము. ఇంటికి వచ్చి మీతో మాటాడుటకు వీలగునని.

పడవ ఒడ్డుకు చేరిన సాయంకాలము వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మీ తండ్రిగారి కాలములో ఏయే చేపలు పడెడివో, ఎంత లావు పడెడివో, ఎంత దూరము పోవలసివచ్చెడిదో చెప్పుడు. వానిచేత వ్రాయించుడు. ఏటేట వ్రాయించినచో అదియే ఒక గీత యగును. అప్పుడు వాడు, “నాన్నా, మనం వడ్డీ తింటున్నామా, అసలు తింటున్నామా?” అని అడిగినచో, పాఠము వానికి వచ్చినదని మేము సంతోషింతుము.